సెయింట్ ఆండ్రూస్‌కి ఒక్కరోజు ట్రిప్: మద్రాస్ ముందు, గోల్ఫ్ చివర్లో

ఏప్రిల్‌లో అమ్మా నాన్నా ఎడిన్‌బరా వస్తున్నారు, ఆ నెల చివరి ఆదివారం వాళ్లని సెయింట్ ఆండ్రూస్ తీసుకెళ్దామని ప్లాన్ వేస్తున్నా. ఇక్కడి తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో అడిగితే అందరిదీ ఒకటే మాట, గోల్ఫ్ కోర్స్‌లో ఆ చిన్న రాతి బ్రిడ్జి మీద ఫోటో దిగండి, బీచ్ చూడండి, ఐస్‌క్రీమ్ తినండి, రెండు గంటల్లో అయిపోతుంది, మిగతా టైమ్‌లో డండీ కూడా కవర్ చేసేయొచ్చు అని. ఈ కవర్ చేసేయడం అనే మాట వింటేనే నాకు ఒళ్లు మంట. డెబ్బై ఏళ్ల వాళ్లని అంత దూరం నుంచి రప్పించి, ఊరి నుంచి ఊరికి పరిగెత్తించి, సాయంత్రానికి మోకాళ్లకి జండూబామ్ రాయడం నా వల్ల కాదు.

అమ్మకి ఫోన్‌లో ప్రిన్స్ విలియం చదువుకున్న ఊరమ్మా, కేట్‌ని కలిసింది కూడా అక్కడే అని ఊరించబోతే, "రాజుగారి కొడుకు ఎక్కడ చదివితే మనకేంటే, అక్కడ కూర్చోడానికి బెంచీలుంటాయా" అంది. న్యాయమైన ప్రశ్న. ఉన్నాయి. నాన్న మాత్రం యూనివర్సిటీ ఎప్పటిది అని అడిగారు. 1413 అన్నాను, స్కాట్లాండ్‌లో అన్నిటికంటే పాతది, ఇంగ్లీష్ మాట్లాడే దేశాల్లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ తర్వాత ఇదే. రెండు క్షణాలు ఆగి "అంటే కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి, ఆయన దగ్గర శ్రీనాథుడు విద్యాధికారి" అన్నారు. మాది గుంటూరు వైపు, నాన్నకి ఏ తేదీ చెప్పినా ముందు కొండవీడు లెక్కలో పడాలి.

ఇక ఆదివారమే ఎందుకంటే, అక్కడి ఓల్డ్ కోర్స్ ఆదివారం ఆటకి సెలవు. ప్రపంచంలో గోల్ఫ్ పిచ్చి ఉన్నవాళ్లంతా జీవితంలో ఒక్కసారైనా ఆడాలనుకునే ఆ గడ్డి మీద ఆదివారం ఎవరైనా నడవచ్చు, ఊళ్లో వాళ్లు కుక్కల్ని తిప్పుకుంటారు, పిల్లలు పరిగెడతారు. పెద్ద టోర్నమెంట్ ఉంటే తప్ప ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. మిగతా రోజుల్లో వెళ్తే తాడు ఇవతల నుంచి చూడటం, బంతి తగులుద్దేమో అని బిక్కుబిక్కుమంటూ రోడ్డు దాటడం. నష్టం ఏంటంటే ఆదివారం రైళ్లూ బస్సులూ తక్కువ, కొన్ని షాపులు ఆలస్యంగా తీస్తారు లేదా అసలు తీయరు. అయినా నాకు ఆదివారమే బెటర్.

మా ఆయన కారులో వెళ్దాం అంటాడు, గంటన్నర డ్రైవ్ అంతే కదా అని. నేను రైలే అంటున్నా. సెయింట్ ఆండ్రూస్‌కి రైల్వే స్టేషన్ లేదు, 1969లో మూసేశారు, కాబట్టి లూకర్స్ అనే చిన్న స్టేషన్‌లో దిగి 99 నంబర్ బస్సు ఎక్కాలి, పది పదిహేను నిమిషాల్లో ఊళ్లో దింపుతుంది. ఎడిన్‌బరా నుంచి లూకర్స్ దాదాపు గంట. ఈ గంట కోసమే రైలు అంటున్నా. ఎక్కగానే కుడివైపు సీట్లు పట్టుకోవాలి. ముందు ఫోర్త్ బ్రిడ్జి వస్తుంది, 1890లో తెరిచిన ఆ ఎర్ర ఉక్కు బ్రిడ్జి, తర్వాత కింగ్‌హార్న్ దాటేదాకా చాలాచోట్ల సముద్రం పట్టాల పక్కనే ఉంటుంది. కారులో పోతే పక్కన ఉన్న కొత్త బ్రిడ్జి మీంచి ఈ పాత బ్రిడ్జిని దూరం నుంచి చూడ్డమే, డ్రైవ్ చేసేవాడికి అదీ లేదు. అమ్మ గోదావరి బ్రిడ్జి వస్తే చాలు పర్సులోంచి రూపాయి బిళ్ల తీస్తుంది, ఇక్కడా తీస్తుందని నాకు తెలుసు, ఏసీ రైల్లో కిటికీలోంచి డబ్బులేయడం కుదరదని ముందే చెప్పాలి. పాతరోజుల్లో ఇక్కడి వాళ్లు కూడా అదృష్టం కోసం ఈ బ్రిడ్జి మీంచి పెన్నీలు విసిరేవాళ్లట, ఆ సంగతి చెప్తే కాస్త సంతోషిస్తుంది.

లూకర్స్ దగ్గర నిద్రపోకూడదు. నిద్రపోయామా తర్వాతి స్టేషన్ డండీ, టే నది అవతల. వాట్సాప్ గ్రూప్ వాళ్లు చెప్పినట్టు డండీ కవర్ అయిపోతుంది.

ఇంకో మాట, మా బాబుకి బస్సు ఫ్రీ. స్కాట్లాండ్‌లో ఉండే 22 ఏళ్ల లోపు వాళ్లందరికీ 2022 నుంచి బస్సు ఫ్రీ, కార్డ్ మాత్రం మర్చిపోకుండా తీసుకెళ్లాలి. అమ్మా నాన్నలకి వర్తించదు, ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే.

బస్టాండ్ ఊరికి పడమటి కొసన ఉంది, గోల్ఫ్ కోర్స్‌కి నాలుగడుగులు. అందుకే వచ్చినవాళ్లంతా దిగగానే అటే పోతారు, ఫోటోలు దిగి, గాలికి వణికి, కాఫీ షాపులో దూరి, ఇక ఊళ్లోకి నడిచే ఓపిక లేక వెనక్కి వచ్చేస్తారు. నేను రివర్స్‌లో వేస్తున్నా. ఊరు మొత్తానికి మూడే పెద్ద వీధులు, సౌత్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్, నార్త్ స్ట్రీట్, మూడూ తూర్పున కథీడ్రల్ అనే పాత పెద్ద చర్చి వైపు పోయి కలుస్తాయి. బస్టాండ్ నుంచి వెస్ట్ పోర్ట్ అనే ఊరి పాత గుమ్మం లోంచి సౌత్ స్ట్రీట్‌లోకి దూరి, అలా తూర్పుకి కథీడ్రల్ దాకా, అక్కడ్నుంచి సముద్రం ఒడ్డున కోట మీదుగా వెనక్కి పడమటికి వస్తే చివర్లో గోల్ఫ్ కోర్స్, బీచ్, మళ్లీ బస్టాండ్. ఎక్కడా వేసిన అడుగు మళ్లీ వేయక్కర్లేదు.

నా ప్లాన్‌లో అసలు విషయం సౌత్ స్ట్రీటే, ఎవ్వరూ చెప్పరు దీని గురించి.

వెస్ట్ పోర్ట్ దాటి కాస్త నడిస్తే ఎడమో కుడో చూసుకోకుండానే కనిపించేది బ్లాక్‌ఫ్రయర్స్ అనే పాడుబడ్డ చిన్న చాపెల్ (చర్చి) ముక్క, దానికి పెద్ద కిటికీలు. దాని వెనకాల పచ్చిక, పచ్చిక వెనకాల దర్జాగా ఒక పెద్ద రాతి భవనం. దాని పేరు మద్రాస్ కాలేజ్. అవును, మన మద్రాసే. 1833లో తెరిచిన స్కూల్ ఇది. స్కూల్ 2021లో ఊరి బయట కొత్త బిల్డింగ్‌కి మారిపోయింది, పాత భవనం యూనివర్సిటీ తీసుకుంది, ఊళ్లో పిల్లలు మాత్రం ఇప్పటికీ మద్రాస్‌లో చదువుతున్నాం అనే చెప్తారు.

దీని వెనకాల కథ నాన్నకి అక్కడే నిలబెట్టి చెప్పాలని నా ఆశ. ఆండ్రూ బెల్ అని ఈ ఊళ్లోనే 1753లో పుట్టాడు, మంగలాయన కొడుకు, ఇదే యూనివర్సిటీలో చదివాడు, 1787లో ఇండియా వచ్చి మద్రాసు ఎగ్మూర్‌లో సోల్జర్ల పిల్లల అనాథాశ్రమానికి సూపరింటెండెంట్ అయ్యాడు. అక్కడ టీచర్లు చాలరు, ఉన్నవాళ్లకి ఓపిక లేదు. ఒకరోజు గుర్రం మీద పోతూ ఒక వీధి బడి చూశాడు, పిల్లలు నేలమీద కూర్చుని ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతున్నారు, పలకల్లేవు, పుస్తకాల్లేవు. తిరిగొచ్చి తన స్కూల్లో కూడా అలా చేయండి అంటే టీచర్లు ఒప్పుకోలేదు. దాంతో ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రాడిని పిలిచి చిన్నపిల్లల చేత ఇసుకలో అక్షరాలు దిద్దించే పని వాడికి అప్పజెప్పాడు. వాడు చేసి చూపించాడు. అక్కడ్నుంచి మొదలై, వచ్చిన పిల్లాడు రాని పిల్లాడికి నేర్పడం అనే పద్ధతి మద్రాస్ సిస్టం అని బ్రిటన్ అంతా పాకింది, లండన్ తిరిగొచ్చాక 1797లో బెల్ దాని మీద పుస్తకం వేశాడు. చివరికి కూడబెట్టిన డబ్బులో పెద్ద మొత్తం స్కాట్లాండ్ స్కూళ్లకి రాసిచ్చి పోయాడు, అందులోదే ఈ భవనం.

నాన్న ముప్పై ఏళ్లు పైన లెక్కల మాస్టారు. ఆయన చిన్నప్పుడు మా ఊళ్లో అరుగు మీద ఇసుక పోసి గుంట ఓనమాలు దిద్దించింది మా పెద్దనాన్నట, అప్పుడు మా పెద్దనాన్నకి పదేళ్లు కూడా లేవు. అదంతా ఈ భవనం ముందు నిలబడి వింటే ఎలా ఉంటుందో అని నాకే కుతూహలంగా ఉంది. నాకు కాస్త చిరాకేసే సంగతి ఒకటే, బెల్ పేరుంది, మద్రాసు పేరుంది, ఆ ఎనిమిదేళ్ల పిల్లాడి పేరు కూడా చరిత్రలో మిగిలింది, ఆ ఇసుక బడి పంతులు ఎవరో మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

అదే వీధిలో ఇంకొంచెం ముందుకెళ్తే సెయింట్ మేరీస్ కాలేజ్ దగ్గర ఫుట్‌పాత్ మీద రాళ్ల మధ్యలో ఒక లోహపు గీత ఉంటుంది. చాలామంది దాన్ని తొక్కుకుంటూ పోతారు. జేమ్స్ గ్రెగరీ అని 1668లో ఇక్కడ లెక్కల ప్రొఫెసర్‌గా చేరినాయన తన టెలిస్కోప్ పనికి గీసుకున్న మధ్యాహ్న రేఖ, అంటే ఉత్తర దక్షిణాల గీత, గుర్తు అది. గ్రీనిచ్ రేఖని చాలా దేశాలు ఒప్పుకుంది 1884లో, ఈయన గీత 1670ల నాటిది. పైన గదిలో ఆయన పని చేసేవాడు. అబ్జర్వేటరీ కడదామని డబ్బుల కోసం అబర్డీన్‌లో చర్చి గుమ్మాల దగ్గర చందాలు కూడా పట్టించాడు. యూనివర్సిటీ వాళ్లకి ఈ కొత్త లెక్కలు గిట్టలేదు, జీతం కూడా ఆపారని ఆయనే ఒక ఉత్తరంలో మొత్తుకున్నాడు. ఇక్కడ నాన్న తన అరియర్ల కథ మొదలుపెడతారు, దానికి పావుగంట కేటాయించాను.

అసలు సంగతి అది కాదు. పై (π) విలువకి ఒక సిరీస్ ఉంటుంది కదా, ఒకటి మైనస్ మూడో వంతు ప్లస్ ఐదో వంతు మైనస్ ఏడో వంతు అలా పోతూ పోతూ పై బై ఫోర్ దగ్గరికి వచ్చేది, దానికి మూలమైన సూత్రాన్ని గ్రెగరీ ఈ ఊళ్లో ఉండగా 1671లో ఉత్తరంలో రాశాడు, పుస్తకాల్లో చాలాకాలం ఆయన పేరుతోనే ఉండేది. దాన్ని అంతకు రెండున్నర శతాబ్దాల ముందే కేరళలో సంగమగ్రామ మాధవుడు కనిపెట్టాడు, అందుకే ఇప్పుడు మాధవ గ్రెగరీ సిరీస్ అంటున్నారు. మాధవుడు కూడా శ్రీనాథుడి కాలం వాడే, అంటే నాన్న కొండవీడు లెక్కలో ఇది కూడా సరిగ్గా పడుతుంది. ఒకే వీధిలో కొద్ది నిమిషాల నడకలో ఒకచోట ఇసుక బడి, ఒకచోట మాధవుడి సిరీస్. ఇలాంటి వీధిని వదిలేసి గోల్ఫ్ టోపీలు కొనుక్కునే షాపుకి పోవడం ఏంటండీ.

సెయింట్ మేరీస్ లోపలికి కూడా ఒకసారి వెళ్లొచ్చు, స్కాట్లాండ్ రాణి మేరీ నాటిందని చెప్పుకునే ముళ్లచెట్టు ఒకటుంది, వయసుకి వంగిపోయి కర్రల ఆసరా మీద నిలబడి ఉంటుంది. ముఖ్యంగా బెంచీలున్నాయి, అమ్మకి మొదటి రెస్ట్ ఇక్కడే.

మధ్యాహ్నం అయ్యేసరికి కథీడ్రల్ దగ్గరికి చేరాలి. టర్మ్ నడుస్తున్న ఆదివారాల్లో చాపెల్ ప్రార్థన అయ్యాక స్టూడెంట్స్ ఎర్ర గౌన్లేసుకుని హార్బర్ దగ్గర సముద్రంలోకి పోయే సన్నటి రాతి పియర్ మీద చివరి దాకా నడిచి రావడం ఇక్కడి పాత ఆనవాయితీ, ఆ రోజు ఉంటే అది చూడాలి. ఆ గౌను వేసుకునే తీరు చూసి ఎవరు ఏ ఇయరో చెప్పేయొచ్చట. ఫస్ట్ ఇయర్ వాళ్లు భుజాల మీద నిండుగా వేసుకుంటారు, సెకండ్ ఇయర్‌కి కాస్త జారుతుంది, థర్డ్ ఇయర్‌లో ఆర్ట్స్ వాళ్లకి ఎడమ భుజం, సైన్స్ వాళ్లకి కుడి భుజం బయటపడుతుంది, ఫోర్త్ ఇయర్‌కి వచ్చేసరికి మోచేతుల దగ్గర వేలాడుతూ ఉంటుంది. మా బాబుకి ఈ లెక్క చెప్పి పియర్ దగ్గర క్విజ్ పెడదామని ప్లాన్.

కథీడ్రల్ ఇప్పుడు శిథిలమే, తూర్పు కొస గోడా పడమటి కొస గోడా మిగిలాయి, మధ్యలో అంతా గడ్డి, సమాధులు. 12వ శతాబ్దంలో మొదలుపెట్టి ఏళ్ల తరబడి కట్టి 1318లో రాజు రాబర్ట్ బ్రూస్ ఎదుట ప్రారంభం చేశారు, స్కాట్లాండ్‌లో అంత పెద్ద చర్చి ఇంకోటి లేదు. 1559లో జాన్ నాక్స్ అనే ప్రొటెస్టెంట్ బోధకుడి ప్రసంగాల వేడికి జనం లోపలికొచ్చి విగ్రహాలూ అలంకారాలూ అన్నీ పీకేశారు, తర్వాత ఊళ్లో వాళ్లు ఇళ్లు కట్టుకోడానికి రాళ్లు పట్టుకెళ్లారు. అంటే వచ్చే దారిలో మనం చూసిన పాత ఇళ్ల గోడల్లో ఈ కథీడ్రల్ కొంత ఉన్నట్టే. పక్కనే ఉన్న సెయింట్ రూల్స్ టవర్ దీనికంటే పాతది, 33 మీటర్లు, లోపల ఇరుకు మెట్లు. నేనూ బాబూ ఎక్కుతాం, అమ్మ ఫ్లాస్క్‌తో కింద. టవర్ గానీ కోట లోపల సొరంగం గానీ రిపేర్ల వల్ల అప్పుడప్పుడూ మూసేస్తుంటారు, ముందు రోజు హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ వెబ్‌సైట్‌లో చూస్కోవడం తప్పనిసరి.

తిండి సంగతి. అమ్మ గుడ్డు కూడా తినదు, కాబట్టి పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో ఇంటి నుంచే. కానీ హార్బర్ దగ్గర బయట కూర్చుని డబ్బా తెరిచేముందు పైకి చూడండి. ఇక్కడి సీగల్స్‌కి భయం లేదు, సిగ్గు అసలే లేదు, వెనక నుంచి వచ్చి చేతిలోది లాక్కుపోతాయి, పైగా అవి కొంగంత ఉంటాయి. గోడకి వీపు ఆనించి కూర్చోవడం మంచిది. చిప్స్ తింటానంటే షాపులో ఏ నూనెలో వేయిస్తారో అడగాలి, స్కాట్లాండ్‌లో చాలాచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు, బోర్డు మీద రాయరు. ఐస్‌క్రీమ్‌కి మాత్రం జానెట్టాస్, 1908 నుంచి ఉన్న ఇటాలియన్ కుటుంబం షాపు, క్యూ ఉంటుంది, నిలబడొచ్చు. ఫిషర్ అండ్ డొనాల్డ్‌సన్ బేకరీలో ఫడ్జ్ డోనట్ ఫేమస్, అది ఆదివారం తీస్తారో లేదో చూస్కోవాలి, లేకపోతే మా ఆయన మొహం చూడలేం.

కోట మా బాబు కోసం. సముద్రం మీదికి ఉన్న బండపైన సగం కూలిన కోట, లోపల సీసా ఆకారంలో బండలోకి తొలిచిన చీకటి కొట్టు ఉంది, పైన సన్నటి మూతి, కింద వెడల్పు, అందులో పడేస్తే ఎక్కిరావడం లేదు. 1546లో జార్జ్ విషార్ట్ అనే ప్రొటెస్టెంట్ బోధకుణ్ణి క్యాథలిక్ మతపెద్ద కార్డినల్ బీటన్ ఈ కోట ముందే తగలబెట్టించాడు, మూడు నెలలు తిరక్కుండా విషార్ట్ మనుషులు కోటలో దూరి కార్డినల్‌ని చంపేశారు. వాళ్లు కోటలోనే ఉండిపోతే, బయట చుట్టుముట్టిన సైన్యం కోట గోడ కిందికి సొరంగం తవ్వడం మొదలుపెట్టింది, లోపలి వాళ్లు ఆ చప్పుడు విని ఎదురు సొరంగం తవ్వారు, రెండు మూడు చోట్ల తప్పు దిక్కు తవ్వి చివరికి వాళ్ల నెత్తిమీద తేలారు. ఆ రెండు సొరంగాలూ ఇప్పటికీ ఉన్నాయి, వంగి వంగి దిగాలి. సైన్యం సొరంగం విశాలంగా ఉంటుంది, లోపలి వాళ్లది కంగారులో తవ్వింది కాబట్టి ఇరుకు, ఆ తేడా నడుముకి తెలుస్తుంది. నాన్నకి దిగాలని ఉంటుంది, దిగనివ్వను.

కోట నుంచి నార్త్ స్ట్రీట్ వైపు కాస్త తిరిగి సెయింట్ సాల్వేటర్స్ చాపెల్ ముందు ఆగాలి. నేలమీద రాళ్లలో పీ, హెచ్ అనే రెండు అక్షరాలు పరిచి ఉంటాయి, ప్యాట్రిక్ హామిల్టన్ అనే 24 ఏళ్ల కుర్రాణ్ణి ప్రొటెస్టెంట్ బోధ చేసినందుకు 1528లో ఇక్కడే కాల్చేశారు, తడి కట్టెలు, గాలి, ఆరు గంటలు పట్టిందంటారు. స్టూడెంట్స్ ఎవరూ ఆ అక్షరాలు తొక్కరు, తొక్కితే ఫెయిలవుతారని నమ్మకం, వీధంతా వచ్చి సరిగ్గా అక్కడ పక్కకి తప్పుకుంటారు. పొరపాటున తొక్కితే విరుగుడు మే ఒకటిన తెల్లవారుజామున ఈ చల్లటి సముద్రంలో మునకేయడం. బాబుకి స్కూల్లో టెస్టులున్నాయి, వాణ్ణి దూరంగానే నడిపిస్తా.

సాయంత్రం నాలుగున్నర ఐదుకి గోల్ఫ్ కోర్స్. అప్పటికి బస్సుల్లో వచ్చిన గుంపులు తగ్గుతాయి. స్విల్కన్ బ్రిడ్జి నిజంగా చిన్నది, టీవీలో చూసి పెద్దదనుకుంటారు, పది అడుగులేస్తే అయిపోతుంది. ఫోటో దిగుతాం, దిగకపోతే మా ఆయన ఊరుకోడు. గ్రీన్ మీద అంటే ఆ నున్నటి భాగం మీద మాత్రం కాలు పెట్టకూడదు, మిగతా అంతా నడవచ్చు. నాకు దీనికంటే పక్కనున్న హిమాలయాస్ ఇష్టం. ఎగుడుదిగుడుగా ఉన్న పచ్చిక మీద బంతిని గుంటలోకి తోసే ఆట, 1867లో పెట్టిన లేడీస్ పటింగ్ క్లబ్ వాళ్లది, కొద్ది డబ్బులకే మామూలు జనాన్ని కూడా ఆడనిస్తారు, మెంబర్లకి కేటాయించిన టైమ్‌లో మాత్రం కుదరదు. అప్పట్లో మగవాళ్లు ఆడవాళ్లు కర్ర భుజం పైకి లేపి కొట్టడం మర్యాద కాదనేవాళ్లు, సరే అని వీళ్లు కర్ర లేపక్కర్లేని ఆటకి ఏకంగా క్లబ్బే పెట్టేసుకున్నారు. అమ్మ చేతికి కర్ర ఇచ్చి చూడాలి.

ఆ వెనకాలే వెస్ట్ సాండ్స్, దాదాపు రెండు మైళ్ల ఇసుక. నీళ్లలో కాలు పెట్టడం ఏప్రిల్‌లో సాహసమే. టైడ్ టైమింగ్స్ చూసుకుని వెళ్తే మంచిది, నీళ్లు వెనక్కి పోయి ఉంటే ఇసుక గట్టిగా ఉంటుంది, అమ్మకి నడవడం తేలిక.

బట్టల గురించి అందరికీ చెప్పేది ఒక్కటే, గొడుగు తేవద్దు. ఇక్కడి గాలికి అది రెండు నిమిషాల్లో తిరగబడుతుంది. గాలి ఆపే జాకెట్, చెవులు మూసే టోపీ. ఎడిన్‌బరాలో ఎండ కాస్తున్నా అక్కడ హార్ అని సముద్రం మీంచి పొగమంచు వచ్చి టవర్ కూడా కనబడకుండా చేయగలదు, ఆ రోజు అలా ఉంటే టవర్ మానేసి సౌత్ స్ట్రీట్‌లోనే ఇంకో గంట ఉంటాం, గ్రెగరీ గీత పొగమంచులోనూ కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణానికి ఎనిమిది లోపు లూకర్స్‌లో ఉండాలి, ఆదివారం రాత్రి ఒక రైలు పోతే తర్వాతది చాలాసేపటికి గానీ రాదు, ఆ స్టేషన్‌లో చలికి దాక్కునే చోటు తక్కువ. ఈసారి ఎడమవైపు సీట్లు, సముద్రం అటు వస్తుంది. మా ఆయన కారు మాట మళ్లీ ఎత్తకముందే టికెట్లు కొనేయాలి.